పాపకి పావ్లిక్ బెల్టులు వేయమన్నారు, వేయాలా? తుంటి గిన్నె సరిగా ఎదగకపోవడం గురించి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పాపకి రెండున్నర నెలలు. తొలి కాన్పు, ఎదురుకాళ్ళని ఆపరేషన్ చేసి తీశారు. పదో వారంలో తుంటికి అల్ట్రాసౌండ్ స్కాన్ చేస్తే తుంటి గిన్నె ఎంత ఎదిగిందో చెప్పే ఆల్ఫా కోణం ఎడమవైపు 48, కుడివైపు 63 వచ్చింది. డాక్టరు గారు పావ్లిక్ హార్నెస్, అంటే తొడలు మడిచి ఉంచే పట్టీల బెల్టులు, వేశారు. పాప ఏడుస్తోందని మూడో రోజు మీ అత్తగారు విప్పేశారు. లేత ఎముకలు, నూనె రాసి నీళ్ళు పోస్తుంటే అవే సర్దుకుంటాయి అంటున్నారు. నొప్పే లేని పిల్లకి మూడు నెలలు ఈ బెల్టులు అవసరమా, రేపు నడుస్తుందా అని మీ ప్రశ్న.

నడుస్తుంది. బెల్టులు అవసరమే. రేపు ఉదయమే వెళ్ళి మళ్ళీ వేయించండి. ఇంట్లో మీకు మీరుగా వేయకండి, పట్టీ ఒక రంధ్రం అటూ ఇటూ అయినా తేడా వస్తుంది. నేను పిల్లల ఎముకల వైద్యంలో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాను. మీలాంటి తల్లులు ఎందరో ఇదే టెన్షన్‌తో వచ్చారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చదివి వినిపించండి.

తుంటి కీలు అంటే ఒక గిన్నె, దానిలో ఒక బంతి. కటి ఎముకలో గిన్నె ఉంటుంది, తొడ ఎముక పైకొన బంతిలా గుండ్రంగా ఉంటుంది. పుట్టినప్పుడు ఈ రెండూ చాలావరకు గట్టి ఎముక కాదు, మెత్తటి మృదులాస్థి. చిన్నప్పుడు తడి ఇసుకలో పాదం పెట్టి పిచ్చుకగూళ్ళు కట్టేవాళ్ళం కదా, పాదం ఎలా ఉంటే గూడు ఆ ఆకారంలోనే వచ్చేది. తుంటి గిన్నె కూడా అంతే. బంతి దాని నడిమధ్యన కూర్చుని కదులుతూ ఉంటే గిన్నె ఆ బంతి చుట్టూ లోతుగా, గుండ్రంగా ఎదుగుతుంది. బంతి అంచుకి జరిగితే ఆ అంచు నొక్కుకుపోయి గిన్నె పళ్ళెంలా చదునుగా మిగిలిపోతుంది. గిన్నె చదునుగా ఉంటే బంతి ఇంకాస్త జరుగుతుంది. ఇలా ఒకదాన్ని ఒకటి చెడగొట్టుకుంటూ పోతాయి.

కొందరిలో గిన్నె లోతు తక్కువగా ఉంటుంది కానీ బంతి లోపలే ఉంటుంది. మీ పాప స్కాన్ చూస్తే ఇదే అనిపిస్తోంది. కొందరిలో బంతి సగం జారి ఉంటుంది, కొందరిలో పూర్తిగా బయటికి వచ్చేస్తుంది. వీటన్నింటికీ కలిపి ఇప్పుడు డి.డి.హెచ్. (డెవలప్‌మెంటల్ డిస్‌ప్లేసియా ఆఫ్ ది హిప్, అంటే ఎదుగుదలలో తుంటి సరిగా కుదరకపోవడం) అంటున్నాం. పాత పుస్తకాల్లో దీన్ని పుట్టుకతోనే తుంటి జారడం అని రాసేవారు. పుట్టినప్పుడు బాగానే కనిపించిన తుంటి కూడా తర్వాతి నెలల్లో చెడవచ్చని తెలిశాక, పేరు మార్చాలని బెల్‌గ్రేడ్ సర్జన్ క్లిసిచ్ 1989లో ప్రతిపాదించారు. ఆ మార్పు మీకెందుకు ముఖ్యమంటే, పుట్టిన రోజు పిల్లల డాక్టరు చూసి బాగుంది అన్నంత మాత్రాన పని అయిపోలేదని అర్థం.

నేనేం తప్పు చేశాను అని కూడా అడిగారు. మీరేమీ చేయలేదు. ఇది ఆడపిల్లల్లో మగపిల్లల కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ. తల్లి ఒంట్లో కాన్పు కోసం కీళ్ళని వదులు చేసే హార్మోన్లు ఆడశిశువు మీద ఎక్కువ పనిచేస్తాయని ఒక వివరణ. ఎదురుకాళ్ళ బిడ్డకి కడుపులో తొడలు మడుచుకోవడానికి, కదలడానికి చోటు తక్కువ. తొలి చూలులో గర్భసంచి బిగుతుగా ఉంటుంది. ఉమ్మనీరు తక్కువైనా అంతే. కడుపులో ఎక్కువమంది పిల్లల ఎడమ తుంటి తల్లి వెన్నెముకవైపు ఒత్తుకుని ఉంటుంది, అందుకే ఎడమవైపే ఎక్కువగా చూస్తాం. ఆడపిల్ల, తొలి కాన్పు, ఎదురుకాళ్ళు, ఎడమవైపు: మీ పాపలో అన్నీ కలిశాయి. ఎదురుకాళ్ళతో ఉన్న పిల్లలకి చేత్తో చూసినప్పుడు ఏమీ తేలకపోయినా ఆరు వారాల దగ్గర స్కాన్ చేయించాలి. మీకు కొంత ఆలస్యమైంది కానీ చేయి దాటిపోలేదు.

ఇక 'అవే సర్దుకుంటాయి' అన్న మాట. మీ అత్తగారు గాలిలోంచి తెచ్చి అన్న మాట కాదది, అందులో సగం నిజం ఉంది. 1962లో ఇంగ్లండ్‌లో బార్లో అనే డాక్టరు, పుట్టిన ప్రతి అరవై మందిలో ఒకరికి తుంటి వదులుగా ఉంటోందని గమనించారు. వాళ్ళలో అరవై శాతానికి పైగా మొదటి వారంలోనే, 88 శాతం మంది రెండు నెలల లోపు ఏ వైద్యమూ లేకుండా గట్టిపడ్డారు. అందుకే పుట్టిన వారంలో కాస్త వదులుగా ఉన్నా మేం తొందరపడం. కానీ మీ పాప ఆ రెండు నెలలూ దాటేసింది. సర్దుకునేవాళ్ళు సర్దుకోగా మిగిలినవాళ్ళలో ఉంది. ఇంట్లో చెప్పాల్సింది ఇదే.

ఆల్ఫా కోణం అంటే స్కాన్‌లో గిన్నె పైకప్పు ఎంత నిటారుగా ఉందో చెప్పే కొలత. ఆస్ట్రియాకి చెందిన రైన్‌హార్డ్ గ్రాఫ్ 1980లో ఈ పద్ధతి తెచ్చారు. 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే గిన్నె బాగా ఎదిగినట్టు. మూడు నెలల లోపు పిల్లల్లో 50 నుంచి 59 మధ్య ఉంటే కొన్ని వారాలు ఆగి మళ్ళీ చూడవచ్చు. 50 కన్నా దిగితే ఆగము. మీ పాపది 48. మీ డాక్టరు గారు చేసింది సరైన పని.

నొప్పి లేదు కదా అన్నారు. ఈ జబ్బుని మోసకారిని చేసేది అదే. పసిపిల్లలకి ఇది అసలు నొప్పి పెట్టదు. డైపర్ మార్చేటప్పుడు ఒక తొడ రెండోదాని అంత విచ్చుకోదు, అంతే. తొడ మడతలు రెండువైపులా సమానంగా లేవని చాలామంది కంగారు పడి వస్తారు. మామూలు పిల్లల్లో కూడా మడతలు అలా ఉంటాయి, దాన్ని మాత్రమే పట్టుకుని భయపడక్కర్లేదు. మూడు నెలలు దాటాక తొడ విచ్చుకోకపోవడం మాత్రం గట్టి గుర్తు. వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ళు మడిచి పాదాలు పక్కపక్కన ఆనిస్తే ఒక మోకాలు కిందికి కనిపించడం ఇంకో గుర్తు. రెండు తుంటులూ జారి ఉంటే ఈ తేడాలేవీ తెలియవు, ఎందుకంటే పోల్చడానికి మంచి కాలు లేదు. అలాంటి పిల్లల్లో చాలామంది నడక వచ్చి బాతులా ఊగుతూ నడిచేదాకా దొరకరు.

మేం చేత్తో ఎలా చూస్తామో చెప్తాను, ఈసారి వెళ్ళినప్పుడు మీరే గమనించండి. పాప కడుపు నిండి ఉండాలి, గది వెచ్చగా ఉండాలి, ఏడవకూడదు. ఏడ్చే పిల్ల కండరాలు బిగించేస్తుంది, ఇక చేతికేమీ తెలియదు. మోకాలు నా అరచేతిలో ఉంటుంది, మధ్యవేలు తొడ పక్కన ఎముక మీద ఆనుతుంది. మెల్లగా తొడ విచ్చుతూ వేలితో పైకి నెడతాను. బయటికి జారిన బంతి గిన్నె అంచు దాటి లోపలికి వెళ్తుంటే వేలి కింద 'టక్'మని ఒక చిన్న కుదుపు తెలుస్తుంది. అది చెవికి వినిపించేది కాదు, వేలికి తెలిసేది. ఇటలీ పిల్లల డాక్టరు ఓర్తొలాని 1937లో దీన్ని వర్ణించారు. ఇన్నేళ్ళయినా ఆ కుదుపు తగిలినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకంటే ఆ క్షణంలో దొరికితే ఆ పిల్లకి కత్తి పడకుండా తప్పించే అవకాశం చాలా ఎక్కువ.

ఇప్పుడు బెల్టుల సంగతి. మీ అత్తగారు దాన్ని కాళ్ళు కట్టేయడం అనుకుంటున్నారు. అది నిజానికి దానికి వ్యతిరేకం. వెనకటి రోజుల్లో ఈ పిల్లల కాళ్ళని కప్పలా విడదీసి కదలకుండా పిండికట్టు వేసేవారు. చాలామందికి బంతికి రక్తం అందక అది చచ్చిపోయేది. 1940లలో ఆర్నాల్డ్ పావ్లిక్ అనే చెక్ డాక్టరు దీన్ని చూసి, బలవంతంగా విడదీయడం మానేసి తోలు పట్టీలతో ఈ హార్నెస్ తయారుచేశారు. ఆయన ఆలోచన చాలా సులువైనది. తొడలు మడిచి ఉంచితే చాలు, పిల్ల తన కాళ్ళు తనే ఆడించుకుంటుంది, ఆ ఆటలోనే తొడల బరువుకి అవి మెల్లగా విచ్చుకుని బంతి గిన్నె మధ్యకి చేరుతుంది. ముందు పట్టీ తొడని దాదాపు 90 నుంచి 100 డిగ్రీలు మడిచి ఉంచుతుంది. వెనక పట్టీ మోకాళ్ళు ఒకదానికొకటి దగ్గరకి రాకుండా ఆపుతుంది, అంతకు మించి లాగకూడదు. బెల్టులు వేసుకున్న పాప కాళ్ళు తన్నుతూ ఉండాలి. ఆ తన్నడమే వైద్యం.

మీ పాపలా బంతి లోపలే ఉండి గిన్నె లోతు తక్కువైన పిల్లల్లో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా దీనితోనే బాగవుతారు. పూర్తిగా జారిన తుంటిలో ఆ అవకాశం తగ్గుతుంది. అలాంటివాళ్ళకి మూడు, నాలుగు వారాల్లో బంతి లోపలికి చేరకపోతే బెల్టులు ఆపేయాలి, కొనసాగిస్తే గిన్నె వెనక అంచు పాడవుతుంది. ఆరు నెలలు దాటాక పిల్లలు బలంగా తన్ని బోర్లాపడి పాకడం మొదలుపెడతారు, అప్పుడు ఈ పద్ధతి పనిచేయదు. అందుకే ఒక్కో వారం లెక్కలోకి వస్తుంది.

మొదటి మూడు రోజులు పాప ఏడుస్తుంది. నొప్పితో కాదు, కొత్తగా ఉండి. నాలుగైదు రోజులకి మర్చిపోతుంది, ఇది ప్రతి ఇంట్లో చూస్తాను. మీ అత్తగారు సరిగ్గా ఆ మూడో రోజునే విప్పారు. ఇంకో రెండు రోజులు ఓపిక పడితే ఆవిడే ఆశ్చర్యపోయేవారు.

మెత్తటి కాటన్ చొక్కా ఛాతీ పట్టీ కింద ఉండాలి, మోకాళ్ళ దాకా వచ్చే మేజోళ్ళు వేయండి. డైపర్ పట్టీల లోపల నుంచి వేయాలి, బయట నుంచి కాదు. డైపర్ మార్చేటప్పుడు పాదాలు పట్టి పైకెత్తకండి, పిరుదుల కింద చెయ్యి పెట్టి లేపండి. ఛాతీ పట్టీ కింద మీ రెండు వేళ్ళు దూరాలి. గజ్జల మడతలు, మోకాళ్ళ వెనక చర్మం రోజూ చూడండి, ఎర్రబడితే తుడిచి ఆరనివ్వండి, పౌడరు వేయకండి, తడికి ముద్ద కట్టి ఇంకా ఒరుస్తుంది. పాలిచ్చేటప్పుడు పాప కాళ్ళు మీ నడుముకి అటొకటి ఇటొకటి వచ్చేలా ఎదురుగా పట్టుకుంటే హాయిగా తాగుతుంది. వెల్లకిలా పడుకోబెట్టండి. చీర ఊయలలో తొడలు దగ్గరకి వచ్చేస్తాయి, కొన్నాళ్ళు పరుపు మీదే పడుకోనివ్వండి. రోజుకి గంట విప్పవచ్చో, అసలు విప్పకూడదో మీ డాక్టరు గారే చెప్పాలి. విప్పవద్దంటే తడిగుడ్డతో ఒళ్ళు తుడవడమే.

ఒక్క విషయం మాత్రం రోజూ తప్పక చూడండి. పాదానికి కితకితలు పెడితే పాప మోకాలు చాపి తన్నాలి. తన్నడం ఆగిపోయి కాలు వేలాడుతుంటే పట్టీ ఎక్కువ మడిచి తొడ నరం నొక్కుకుందని అర్థం. ఆ రోజే డాక్టరు గారికి ఫోన్ చేయండి. పట్టీ వదులు చేస్తే సాధారణంగా కొద్ది రోజుల్లో తేరుకుంటుంది. కానీ వచ్చే వారం చూద్దాంలే అనుకోకూడదు.

నీళ్ళు పోయడం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, అసలు గొడవ అక్కడే వస్తుంది కాబట్టి. మన ఇళ్ళలో నీళ్ళు పోసే ఆవిడ పీట మీద కాళ్ళు చాపి కూర్చుని బిడ్డని వాటి మీద వేసుకుంటుంది. నూనె పట్టించడం, గోరువెచ్చటి నీళ్ళు పోయడం, సాంబ్రాణి పొగ వేయడం, వీటిలో తుంటికి చెడు చేసేదేమీ లేదు. చెడు చేసేవి మూడే. కాళ్ళు వంకర పోతాయని రెండు తొడలూ కలిపి చాపి సాగదీయడం. పాదాలు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం. చివర్లో పాత పంచెతో కాళ్ళు చాపి కట్టెలా బిగించి చుట్టడం. కడుపులో తొమ్మిది నెలలు మడుచుకుని ఉన్న తొడల్ని ఒక్కసారి చాపితే బంతి అంచుకి జరుగుతుంది. పొత్తిళ్ళలో చుట్టడం తప్పు కాదు. భుజాల దగ్గర చుట్టండి, నడుము నుంచి కింద వదులుగా, మోకాళ్ళు మడిచి పక్కలకి పడిపోయేలా వదిలేయండి. ఈ మాట బెల్టులు లేని పిల్లల తల్లులకి కూడా. జపాన్‌లో కాళ్ళు చాపి చుట్టడం మానమని 1975లో దేశమంతటా ప్రచారం చేశారు. నూటికి ఒకరికి పైగా ఉండే తుంటి జారుడు వెయ్యికి రెండు వరకు దిగింది.

ఇంకోపక్క మన పెద్దవాళ్ళ అలవాట్లలో ఒకటి ఈ తుంటికి బంగారంలాంటిది. చంకనెత్తుకోవడం. మెడ నిలిచాక బిడ్డని నడుము మీద కాళ్ళు విచ్చుకునేలా కూర్చోబెట్టుకుంటాం కదా, హార్నెస్ చేసే పని అదే. చంకన, వీపున పిల్లల్ని మోసే ఆఫ్రికా జనాల్లో ఈ జబ్బు చాలా అరుదు. మీ అత్తగారికి ఇది చెప్పండి. "మీరు చంకనెత్తుకున్నట్టే ఈ బెల్టులు పాపని ఎత్తుకుని ఉంటాయత్తయ్యా" అంటే ఆవిడకి ఇట్టే అర్థమవుతుంది. నా దగ్గరకి వచ్చే నాయనమ్మలకి నేను చెప్పేది ఇదే.

రెండు డైపర్లు వేస్తే చాలని, కాల్షియం చుక్కలు పోయమని సలహాలు వస్తాయి. వాటివల్ల గిన్నె లోతవదు. నాటు కట్టు కట్టేవాళ్ళ దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకండి. లేత బంతిని బలవంతంగా తిప్పితే రక్తం అందక పోయే ప్రమాదం ఉంది.

వైద్యం ఆలస్యమైతే ఏమవుతుందో కూడా మీరు తెలుసుకోవాలి. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్య అయితే మత్తు ఇచ్చి బంతిని లోపలికి చేర్చి, గజ్జ దగ్గర బిగుసుకున్న కండరం కాస్త వదులు చేసి, ఛాతీ కింద నుంచి కాళ్ళ దాకా స్పైకా పిండికట్టు వేస్తాం. దాదాపు మూడు నెలలు, మధ్యలో ఒకసారి మారుస్తాం. ఏడాదిన్నర దాటితే చాలావరకు కోసి చేయాల్సిందే. బంతిని లోపల పెట్టి, గిన్నె పైకప్పు మీదికి వచ్చేలా కటి ఎముకని కోసి వంచుతాం. టొరంటోలో సాల్టర్ 1961లో వర్ణించిన ఆపరేషన్ ఇప్పటికీ చేస్తున్నాం. మూడేళ్ళు దాటితే తరచుగా తొడ ఎముకని కూడా కొంత కోసి పొట్టి చేయాల్సి వస్తుంది, లేకపోతే బంతి మీద ఒత్తిడి పడి అది చచ్చిపోతుంది.

మూడున్నరేళ్ళ పాపని ఒక రైతు కుటుంబం తీసుకొచ్చింది. నడక మొదలైనప్పటి నుంచి ఎడమకాలు కుంటేది. పిల్ల బలహీనంగా ఉందని ఒకచోట టానిక్కులు రాశారట. ఆపరేషన్ మూడు గంటలు పట్టింది. ఆరు వారాలు స్పైకా కట్టులో ఉంది, వాళ్ళ నాన్న ఆమెని తలుపు చెక్కలా అడ్డంగా మోసుకుని చెకప్‌కి తెచ్చేవాడు. కట్టు విప్పాక బిగుసుకున్న కీలు మళ్ళీ కదలడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు బాగా నడుస్తుంది, కానీ ఆ కాలు అర సెంటీమీటరు పొట్టి. ఆమెకి మూడో నెలలో ఎవరైనా తొడ విప్పి చూసి ఉంటే నాలుగు పట్టీలతో పోయేది. ఆ పాపని తలుచుకున్నప్పుడల్లా నాకు బాధే.

ఉత్తరం చివర్లో మీ అత్తగారి చెల్లెలు చిన్నప్పటి నుంచి కుంటుతారని, అది పోలియో అని రాశారు. అయ్యుండవచ్చు. కానీ కాలు సన్నబడకుండా ఊగుతూ నడిచేవారైతే ఒక ఎక్స్‌రే తీయించండి. ఆ తరంలో తుంటి జారిన ఆడవాళ్ళు ఎందరో పోలియో పేరుతోనే బతికేశారు. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు కాబట్టి రేపు మీకు రెండో బిడ్డ పుడితే అప్పుడు కూడా ఆ సమాచారం పనికొస్తుంది. పెద్దయ్యాక బయటపడితే గజ్జలో నొప్పి వస్తుంది, ముప్పై, నలభై ఏళ్ళకే కీలు అరుగుతుంది. కీలు ఇంకా అరగని యువతీయువకులకి గిన్నెని కోసి తిప్పే ఆపరేషన్ ఉంది, స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో గాంజ్ 1984లో మొదలుపెట్టారు. అరిగిపోయినవాళ్ళకి తుంటి మార్పిడి.

ఖర్చు గురించి కూడా అడిగారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వెతికే పుట్టుక లోపాల జాబితాలో ఇది ఉంది. మీ ఆశా కార్యకర్తని గానీ, జిల్లా సత్వర చికిత్సా కేంద్రంలో గానీ అడగండి. ఆపరేషన్ దాకా వెళ్ళినవాళ్ళు ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కౌంటర్‌లో ముందే కనుక్కోండి.

బెల్టులు మళ్ళీ వేయించాక మొదట వారానికోసారి పట్టీలు చూపించాలి, పాప పెరుగుతుంటే అవి పొట్టి అవుతాయి. స్కాన్ ఎప్పుడెప్పుడు చేయించాలో డాక్టరు గారు చెప్తారు. మామూలుగా ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఆరో నెలలో ఒక ఎక్స్‌రే, నడక వచ్చే ఏడాదికి ఇంకొకటి, ఆ తర్వాత ఎదుగుదల ఆగేదాకా అప్పుడప్పుడు చూపించాలి. కోణం 60 దాటిందని చెకప్పులు మానేయకండి, బాగైన గిన్నె కూడా కొందరిలో మళ్ళీ వెనకబడుతుంది.

వచ్చే స్కాన్‌లో ఎడమవైపు అంకె ఎంత వచ్చిందో, పాప కాళ్ళు ఎలా తన్నుతోందో రాయండి. అత్తగారిని కూడా ఆ రోజు మీతో ఆస్పత్రికి తీసుకెళ్ళండి, స్కాన్ తెర మీద ఆ గిన్నెని డాక్టరు గారు ఆవిడకే చూపిస్తారు.